సినిమాలో నల్ల పట్టీలు ఎందుకొస్తాయి? ఫోన్‌లో జూమ్ చేసే ముందు తెలుసుకోవాల్సిన లెక్క

కొత్త టీవీ కొన్నవాళ్ళు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "55 అంగుళాలది తీసుకున్నాం, సినిమా పెడితే పైనా కిందా నల్ల పట్టీలు వస్తున్నాయి. ఏ సెట్టింగ్ మార్చాలి?" ఫోన్ కొన్నవాళ్ళు ఇలా అడగరు. రెండు వేళ్ళతో బొమ్మని పెద్దది చేసేసి, నలుపు పోయింది కదా అని హాయిగా చూసుకుంటారు. టీవీ వాళ్ళకి నా జవాబు చిన్నదే: ఏమీ మార్చకండి. ఫోన్ వాళ్ళకి మాత్రం కాస్త పెద్ద జవాబు చెప్పాలి. ఎందుకంటే ఆ రెండు వేళ్ళ జూమ్ కొన్నిసార్లు బొమ్మలో ఐదో వంతు కోసేస్తుంది. కొన్నిసార్లు ఒక్క చుక్క కూడా కొయ్యదు, పైగా మేలు చేస్తుంది. ఏది ఎప్పుడో తెలియాలంటే సినిమా ఆకారం, స్క్రీన్ ఆకారం రెండూ తెలియాలి.

ఆకారం అంటే యాస్పెక్ట్ రేషియో. బొమ్మ వెడల్పుని ఎత్తుతో భాగిస్తే వచ్చే అంకె, అంతే. పాత డబ్బా టీవీ 4:3, అంటే 1.33. ఇప్పటి టీవీలు 16:9, అంటే 1.78. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎక్కువ భాగం 20:9, అంటే 2.22. మన పెద్ద సినిమాలు దాదాపు అన్నీ వచ్చేది స్కోప్‌లో, అంటే 2.39. ఈ నాలుగు అంకెలు గుర్తుంటే మిగతాదంతా చిన్న లెక్కలే.

టీవీని ఓడించడానికి పుట్టిన వెడల్పు

సినిమా మొదట్లో వెడల్పుగా లేదు. ఎడిసన్ దగ్గర పనిచేసిన డిక్సన్ 1890ల్లో 35 ఎంఎం ఫిల్మ్ మీద ఒక్కో బొమ్మకి నాలుగు రంధ్రాల ఎత్తు పెట్టాడు, దాంతో 1.33 ఆకారం వచ్చింది. మాటలొచ్చాక సౌండ్ ట్రాక్‌కి పక్కన చోటివ్వాల్సి వచ్చి, 1932లో హాలీవుడ్ 1.37 దగ్గర స్థిరపడింది. తర్వాత వచ్చిన టీవీ కూడా దాదాపు అదే ఆకారాన్ని తీసుకుంది.

1950ల మొదట్లో అమెరికాలో జనం ఇళ్ళలో టీవీ ముందు కూర్చోవడం మొదలుపెట్టారు, థియేటర్లు ఖాళీ అవుతున్నాయి. అప్పుడు స్టూడియోలకి తట్టిన ఉపాయం ఏంటంటే, ఇంట్లో దొరకని ఆకారాన్ని చూపించడం. 1952లో మూడు ప్రొజెక్టర్లతో వంపు తెర మీద వేసే సినెరామా వచ్చింది. చూడ్డానికి గొప్పే కానీ ఊరూరా పెట్టగలిగేది కాదు. 1953లో ట్వెంటియత్ సెంచరీ ఫాక్స్ 'ది రోబ్' సినిమాతో సినిమాస్కోప్‌ని దింపింది. ఫ్రాన్స్‌కి చెందిన ఆన్రీ క్రెతియెన్ 1920ల్లోనే తయారుచేసిన ఒక లెన్సే దీనికి ఆధారం.

ఆ లెన్సు దృశ్యాన్ని అడ్డంగా సగానికి నొక్కి, మామూలు 35 ఎంఎం ఫిల్మ్ మీదే పడేస్తుంది. ఫిల్మ్ ముక్కని వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూస్తే మనుషులు సన్నగా, పొడుగ్గా సాగినట్టు కనిపిస్తారు. థియేటర్లో ప్రొజెక్టర్‌కి తగిలించిన ఇంకో లెన్సు ఆ బొమ్మని మళ్ళీ రెండింతలు వెడల్పు చేస్తుంది. అంటే పాత ప్రొజెక్టర్‌నే ఉంచుకుని, కొత్త లెన్సు, పెద్ద తెర కొనుక్కుంటే బొమ్మ సంగతి తేలిపోతుంది. అందుకే సినెరామా ఆగిపోయినా స్కోప్ ప్రపంచమంతా పాకింది. మొదట్లో 2.55గా ఉన్న రేషియో తర్వాత 2.35 అయింది, 1970 నుంచి 2.39. ఇప్పటికీ చాలామంది అలవాటు కొద్దీ 2.35 అనే అంటారు, పెద్ద తేడా ఏం లేదు.

మన దేశంలో తొలి సినిమాస్కోప్ 1959 నాటి 'కాగజ్ కే ఫూల్'. గురుదత్ దర్శకత్వం, వి.కె.మూర్తి ఛాయాగ్రహణం. తెలుగుకి 1974లో 'అల్లూరి సీతారామరాజు'తో వచ్చింది. కృష్ణ నూరో సినిమా అది, కెమెరా వి.ఎస్.ఆర్.స్వామి. చింతపల్లి అడవుల్లో తీసిన దృశ్యాలకి ఆ వెడల్పు ఎంత కావాలో చూసినవాళ్ళకి తెలుసు. 1986లో మళ్ళీ కృష్ణే 'సింహాసనం'తో తెలుగులో తొలి 70 ఎంఎం తెచ్చాడు. ఆ రోజుల్లో ఫార్మాట్ అంటే ఎంత మోజంటే, థియేటర్ పేర్లకే తగిలించుకున్నారు. హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సంధ్య 70 ఎంఎం, దేవి 70 ఎంఎం, సుదర్శన్ 35 ఎంఎం అని ఇప్పటికీ అలాగే పిలుస్తాం. ఇంకో సంగతి: 70 ఎంఎం ప్రామాణిక రేషియో 2.20. మీ జేబులో ఉన్న 20:9 ఫోన్ 2.22. అంటే దాన్ని అడ్డంగా తిప్పితే మీ చేతిలో ఉన్నది దాదాపు 70 ఎంఎం తెర ఆకారమే!

థియేటర్లో పెరిగేది, ఇంట్లో తగ్గేది

అసలు తిరకాసు ఇక్కడుంది. పాత థియేటర్లలో తెర పక్కన నల్ల గుడ్డలు ఉండేవి. మామూలు సినిమాకి అవి దగ్గరగా ఉండేవి, స్కోప్ సినిమాకి ఇటూ అటూ జరిగేవి. ఎత్తు మారదు, వెడల్పు పెరుగుతుంది. అంటే స్కోప్ అంటే ప్రేక్షకుడికి 'ఎక్కువ' అని అర్థం.

టీవీలో వెడల్పు మారదు. కాబట్టి స్కోప్ సినిమా పెడితే తగ్గేది ఎత్తు. 55 అంగుళాల టీవీ సుమారు 48 అంగుళాల వెడల్పు, 27 అంగుళాల ఎత్తు ఉంటుంది. దాని మీద 2.39 సినిమా ఎత్తు 20 అంగుళాలే. మిగతా 7 అంగుళాలు నలుపు, అంటే స్క్రీన్‌లో నాలుగో వంతు పైన. పక్కింట్లో 43 అంగుళాల టీవీలో వస్తున్న వార్తల బొమ్మ ఎత్తు 21 అంగుళాలు! మీ సినిమాలో మనిషి తల కంటే వాళ్ళ టీవీలో వార్తలు చదివే ఆయన తలే పెద్దదిగా కనిపించినా ఆశ్చర్యం లేదు. టీవీని ఓడించడానికి పుట్టిన ఆకారం చివరికి టీవీలోనే అన్నిటికంటే చిన్నదైపోయింది.

మరి టీవీలు 16:9 ఎందుకు చేశారు? 1980ల్లో హెచ్‌డీ టీవీకి ఏ ఆకారం పెట్టాలన్న చర్చ వచ్చినప్పుడు, అమెరికా సినిమా, టీవీ ఇంజనీర్ల సంఘంలో ఉన్న కెర్న్స్ పవర్స్ అప్పుడు వాడుకలో ఉన్న ఆకారాలన్నిటినీ ఒకే వైశాల్యం వచ్చేలా కాగితం మీద గీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాడు. అన్నిటినీ చుట్టేసే బయటి పెట్టె 1.77, అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న లోపలి పెట్టె కూడా 1.77. అదే 16:9. ఒక రకంగా ఇది రాజీ. పాత 4:3 సినిమాకి పక్కల కాస్త నలుపు, స్కోప్‌కి పైనా కిందా కాస్త నలుపు. ఎవరికీ పూర్తి న్యాయం లేదు, ఎవరికీ పూర్తి అన్యాయమూ లేదు.

అంతకు ముందు డబ్బా టీవీల్లో జరిగిందే నిజమైన అన్యాయం. తెర నిండాలని స్కోప్ సినిమా పక్కలు కోసి వేసేవాళ్ళు. లెక్క చూస్తే బొమ్మలో 57 శాతమే మిగిలేది. చెరో చివర నిలబడి మాట్లాడుకునే ఇద్దరిలో ఒక్కరే కనిపించేవారు, లేదంటే మధ్యలో ఉన్న పూలకుండీ కనిపించేది. టైటిల్స్ వచ్చేటప్పుడు మాత్రం పేర్లు తెగకూడదని బొమ్మంతా నొక్కేసేవాళ్ళు, అందరూ సన్నబడిపోయేవాళ్ళు. అది చూసి పెరిగిన తరానికి నలుపు కనిపిస్తే ఏదో పోయినట్టు అనిపించడం సహజమే. కానీ నలుపు ఉందంటే బొమ్మ మొత్తం ఉందనే అర్థం. పోయేది అది లేనప్పుడు.

ఫోన్‌లో ఏం జరుగుతోంది

2016 దాకా ఫోన్లు చాలావరకు 16:9. 2017లో ఎల్‌జీ జీ6 18:9తో, శాంసంగ్ గెలాక్సీ ఎస్8 18.5:9తో వచ్చాయి. అప్పట్నుంచి ఫోన్లు పొడుగవుతూనే ఉన్నాయి. 2019లో సోనీ ఎక్స్‌పీరియా 1 ఏకంగా 21:9 పెట్టింది, సినిమా కోసమే ఈ ఆకారం అని గట్టిగా చెప్పుకుంది కూడా. 2024లో ఎక్స్‌పీరియా 1 VI దగ్గరికి వచ్చేసరికి అదే సోనీ 19.5:9కి దిగింది.

పొడుగు ఫోన్లలో కంపెనీలు అంతగా చెప్పని విషయం ఒకటుంది. అంగుళాలు మూల నుంచి మూలకి కొలుస్తారు. 6.7 అంగుళాల 20:9 స్క్రీన్ వైశాల్యం, అదే 6.7 అంగుళాల 16:9 స్క్రీన్ కంటే 12 శాతం తక్కువ. ఇక ఈ ఫోన్‌లో 16:9 వీడియో పెడితే పక్కల నలుపు పోగా మిగిలే బొమ్మ 5.6 అంగుళాలు. అంటే 2016లో 5.5 అంగుళాల ఫోన్‌లో చూసిన యూట్యూబ్ వీడియోకీ, ఇప్పుడు 6.7లో చూస్తున్నదానికీ సైజులో తేడా దాదాపు లేదు. స్కోప్ సినిమాకి మాత్రం ఫోన్ అంతా ఉపయోగపడుతుంది. 93 శాతం నిండిపోతుంది, పైనా కిందా సన్నటి గీత లాంటి నలుపు మాత్రమే మిగులుతుంది.

ఇక జూమ్ సంగతి. బొమ్మ చుట్టూ నలుపు ఎటువైపు ఉందో ముందు చూడండి.

నలుపు ఎడమ, కుడి పక్కల మాత్రమే ఉంటే అది 16:9 వీడియో. క్రికెట్, చాలా సీరియల్స్, యూట్యూబ్ వీడియోలు ఇవే. దాన్ని జూమ్ చేస్తే పైన 10 శాతం, కింద 10 శాతం తెగిపోతుంది. క్రికెట్‌లో స్కోరు పట్టీ పోతుంది, సినిమాలో సబ్‌టైటిల్స్ పోతాయి, దగ్గర షాట్లలో హీరో జుట్టు పోతుంది. ఇక్కడ జూమ్ వద్దు.

నలుపు పైనా కిందా మాత్రమే సన్నగా ఉంటే అది సరైన స్కోప్ ఫైల్. జూమ్ చేస్తే రెండు పక్కలా కలిపి 7 శాతం పోతుంది. పెద్ద నష్టం కాదు కానీ, వచ్చే లాభం కూడా లేదు.

నలుపు నాలుగు వైపులా ఉంటే? ఇది చాలామందికి ఎదురయ్యేదే, ముఖ్యంగా యూట్యూబ్‌లో పెట్టే పూర్తి సినిమాల్లో. స్కోప్ సినిమాని 16:9 పెట్టెలో పెట్టి, నలుపుతో సహా వీడియోగా తయారు చేసేస్తారు. ఆ నలుపు బొమ్మలో భాగమైపోయింది, ఫోన్‌కి అది నలుపని తెలియదు. అందుకే పక్కల తన నలుపు కూడా చేరుస్తుంది. మధ్యలో తపాలా బిళ్ళ లాంటి బొమ్మ మిగులుతుంది. ఇక్కడ ధైర్యంగా జూమ్ చెయ్యండి. తెగేదంతా నలుపే. బొమ్మ పక్కకీ పైకీ పావు వంతు పెరుగుతుంది, వైశాల్యంలో చూస్తే ఒకటిన్నర రెట్లు దాటుతుంది. సినిమాలో చుక్క కూడా పోదు.

ఈ మూడో రకంలో ఒక మినహాయింపు ఉంది. క్రిస్టఫర్ నోలన్ 'ది డార్క్ నైట్' లాంటి సినిమాల్లో కొన్ని సన్నివేశాలు ఐమాక్స్ కెమెరాతో తీశారు. డిస్క్ మీద వచ్చిన వెర్షన్‌లో మామూలు సన్నివేశాలు 2.40 దగ్గర, ఐమాక్స్‌వి 1.78లో పూర్తి ఎత్తున కనిపిస్తాయి. మామూలు సన్నివేశం చూసి నాలుగు వైపులా నలుపుంది కదా అని జూమ్ చేసి వదిలేస్తే, ఐమాక్స్ సన్నివేశం వచ్చినప్పుడు దాని పైభాగం, కింది భాగం తెగుతాయి. డబ్బు పెట్టి ఎత్తుగా తీసింది వాటినే మరి.

కొన్ని సినిమాల్లో అయితే ఆకారమే కథ. వెస్ ఆండర్సన్ 'ది గ్రాండ్ బుడాపెస్ట్ హోటల్' మూడు కాలాలకి మూడు రేషియోలు వాడుతుంది. జేవియర్ డోలన్ 2014 సినిమా 'మామీ' చతురస్రంలో, 1:1లో నడుస్తుంది. ఒక చోట కుర్రాడు రెండు చేతులూ చాచి ఫ్రేమ్‌ని పక్కలకి నెడతాడు, తెర వెడల్పవుతుంది. అప్పటిదాకా ఉక్కపోసినట్టున్న సినిమాకి గాలి ఆడినట్టుంటుంది. అక్కడ నలుపు కూడా నటిస్తోందన్నమాట.

మన పాత సినిమాల విషయంలో నాకు కొంచెం పట్టింపు ఎక్కువ. 'మాయాబజార్' 1957 నాటిది, మార్కస్ బార్ట్లీ ఛాయాగ్రహణం, స్కోప్ తెలుగుకి రాకముందు తీసిన ఫ్రేమ్. 2010లో దాన్ని రంగుల్లో, సినిమాస్కోప్ ఆకారంలో మళ్ళీ విడుదల చేశారు. రంగుల మీద నాకు గొడవ లేదు. కానీ 1.37 బొమ్మని 2.35 తెర నిండా పెట్టాలంటే పైనా కిందా కలిపి నలభై శాతం దాకా వదులుకోవాలి, లెక్క ప్రకారం వేరే దారి లేదు. మీ ఫోన్‌లో 4:3 ఫైల్ పెట్టుకుని జూమ్ చేసినా జరిగేది అదే. ఎస్వీ రంగారావు ఘటోత్కచుడిగా విందు ఆరగించే సన్నివేశం తీసుకోండి. కిరీటం కనిపించాలి, ముందున్న వంటకాలూ కనిపించాలి. రెండిట్లో ఒకటి పోతుంది. ఆ సినిమా చూసేటప్పుడు పక్కల నలుపుని భరించండి, మహా అయితే ఫోన్ బదులు టాబ్లెట్‌లో చూడండి.

కొనేటప్పుడు చూడాల్సింది

టాబ్లెట్ అన్నాం కాబట్టి: 11 అంగుళాల 16:10 టాబ్లెట్‌లో స్కోప్ సినిమా, అదే 11 అంగుళాల 4:3 టాబ్లెట్‌లో కంటే 12 శాతం పెద్దగా వస్తుంది. చదువుకోడానికి, పీడీఎఫ్‌లకి 4:3 మేలు. సినిమాలే ముఖ్యమైతే 16:10.

మడతపెట్టే ఫోన్ల లెక్క ఇంకా విచిత్రం. శాంసంగ్ గెలాక్సీ జెడ్ ఫోల్డ్ 5 లోపలి స్క్రీన్ 7.6 అంగుళాలు, 2176×1812 పిక్సెల్స్, అంటే ఇంచుమించు చతురస్రం. దాని వెడల్పు 5.8 అంగుళాలు. మామూలు 6.7 అంగుళాల 20:9 ఫోన్‌ని అడ్డంగా తిప్పితే 6.1. కాబట్టి స్కోప్ సినిమా ఆ ఖరీదైన ఫోల్డ్ విప్పి చూసినదానికంటే మామూలు ఫోన్‌లోనే పెద్దగా కనిపిస్తుంది! 16:9 వీడియోకి మాత్రం ఫోల్డ్‌దే పైచేయి, 'మాయాబజార్'కి అయితే రెండింతలు దాటుతుంది. "సినిమాలు చూడ్డానికి ఫోల్డ్ తీసుకుంటున్నా" అనేవాళ్ళని నేను అడిగేది ఒకటే: ఏ సినిమాలు?

డిస్‌ప్లే రకం కూడా ఇక్కడ తేడా చూపిస్తుంది. అమోలెడ్‌లో నల్ల పట్టీ దగ్గర పిక్సెల్స్ ఆరిపోతాయి, చీకటి గదిలో స్క్రీన్ అంచు ఎక్కడుందో కూడా తెలియదు. ఎల్‌సీడీలో వెనక బ్యాక్‌లైట్ వెలుగుతూనే ఉంటుంది కాబట్టి నలుపు బూడిద రంగులో మెరుస్తుంది, కంటికి అదే తగులుతుంది. నలుపు మీద ఫిర్యాదు చేసేవాళ్ళలో చాలామందికి నిజంగా ఇబ్బంది పెట్టేది ఈ బూడిద రంగే అని నా అనుమానం. పంచ్ హోల్ కెమెరా సంగతి కూడా చూసుకోండి. 16:9 వీడియోలో అది పక్క నలుపులో దాక్కుంటుంది, స్కోప్ సినిమా ఫోన్ అంచుదాకా వచ్చినప్పుడు బొమ్మలోకి వచ్చేస్తుంది.

సైజు ఎంత అనేదానికంటే ఎంత దూరం నుంచి చూస్తున్నాం అనేది ముఖ్యం. 6.7 అంగుళాల ఫోన్‌ని జానెడున్నర దూరంలో, అంటే 14 అంగుళాల దగ్గర పట్టుకుంటే, అది మన చూపులో దాదాపు 25 డిగ్రీల వెడల్పు ఆక్రమిస్తుంది. 9 అడుగుల దూరంలో ఉన్న 55 అంగుళాల టీవీ కూడా సరిగ్గా అంతే. 43 అంగుళాలదైతే 20 డిగ్రీలే. కాబట్టి ఫోన్‌లో సినిమా చూసేవాళ్ళని మరీ తీసిపారెయ్యక్కర్లేదు. అయితే అంతసేపు అంత దగ్గరగా చూస్తే కళ్ళు లాగుతాయి, చెయ్యి కూడా. ఇంట్లో 55 అంగుళాలది ఉంటే సోఫా ముందుకి జరపండి. ఏడున్నర అడుగుల దగ్గర కూర్చుంటే అది 30 డిగ్రీలవుతుంది, ఇంట్లో సినిమాకి కనీసం అంత ఉండాలని చాలామంది చెప్పే అంకె అదే. స్కోప్ సినిమాలో తగ్గిన ఎత్తుని పూరించడానికి పైసా ఖర్చు లేని మార్గం ఇది. రిమోట్‌లో ఉండే జూమ్, స్ట్రెచ్ లాంటి మోడ్‌ల జోలికి మాత్రం పోకండి. జూమ్ కోస్తుంది, స్ట్రెచ్ మనుషుల్ని సాగదీస్తుంది.

చవక ప్రొజెక్టర్‌తో గోడ మీద వేసుకునేవాళ్ళకి బూడిద రంగు బాధ ఇంకా ఎక్కువ. ప్రొజెక్టర్ నలుపుని వెయ్యలేదు, దాని నలుపంటే వెలుతురు తగ్గించిన గోడ రంగే. సినిమా మొదలయ్యాక పట్టీలు ఎక్కడిదాకా పడుతున్నాయో పెన్సిల్‌తో గుర్తు పెట్టి, పైనా కిందా మెరుపు లేని నల్ల గుడ్డ కట్టండి.